ఆపి చూస్తే తెలిసింది: ఆస్పత్రి మంచం మీద సంధి చరిత్ర

సన్నిపాత జ్వరం లక్షణాలు చెబుతూ ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయం నిదానస్థానంలో ఒక వింత సంగతి నమోదు చేశాడు. అలాంటి రోగి పగలు ఒళ్లెరగని నిద్రలో ఉంటాడు, రాత్రి మేలుకుంటాడు. ఒక్కోసారి ఎప్పుడూ నిద్రే, ఒక్కోసారి అసలు నిద్రే ఉండదు. పాటలు, గంతులు, నవ్వులు వంటి వికారపు చేష్టలకు దిగుతాడు. అంతకు సుమారు వెయ్యేళ్ల ముందు గ్రీసులో హిప్పోక్రటిస్ పేరిట చెలామణి అయిన గ్రంథాల్లోనూ ఇలాంటి పరిశీలనే ఉంది. తీవ్ర జ్వరంలో రోగి గాలిలో దేన్నో పట్టబోతున్నట్టు చేతులాడిస్తుంటే, దుప్పటి నూగు పీకుతుంటే, గోడకున్న గడ్డిపరకలు ఏరుతుంటే అది చేటు సూచన అన్నారు ఆ వైద్యులు. మన పెద్దలు సంధి ప్రేలాపన అన్నదీ, నేటి డాక్టర్లు డెలీరియం అంటున్నదీ ఈ స్థితినే. పాతకాలపు వైద్యుడికి రక్తపరీక్షలు లేవు, మెదడు పనితీరు తెలియదు. మంచం పక్కన కూర్చుని చూడటం ఒక్కటే అతని సాధనం. దానితోనే అతను పగలూ రాత్రీ తారుమారు కావడం దగ్గర్నుంచి వేళ్ల కదలిక దాకా పట్టుకున్నాడు. ఆ తర్వాత అన్ని యంత్రాలూ సమకూర్చుకున్న ఆస్పత్రి మాత్రం ఈ జబ్బును చాలాకాలం చూడలేకపోయింది. చూసినా, దాన్ని పెంచే పనులే వైద్యమనుకుని చేసింది.

ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మనిషి ధ్యాస చెదిరిపోవడం డెలీరియం ప్రధాన లక్షణం. పొద్దున బాగానే మాట్లాడినవాడు సాయంత్రానికి కొడుకును పోల్చుకోడు, మళ్లీ కాసేపటికి పోల్చుకుంటాడు. ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకొచ్చే మతిమరుపు జబ్బు వేరు, ఇది వేరు. కొందరు గొట్టాలు పీకేసి మంచం దిగబోతారు. వాళ్లు అందరి కంటా పడతారు. చాలామంది మాత్రం కళ్లు మూసుకుని, పిలిస్తే ఆలస్యంగా పలుకుతూ, తిండి తినకుండా పడి ఉంటారు. ఈ రెండో రకం రోగిని చూసి ‘పాపం, విశ్రాంతి తీసుకుంటున్నాడు’ అనుకుంటారు. అమెరికాలో 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరిశోధకులు డెలీరియం ఉందని తేల్చిన వృద్ధుల్లో నర్సులు గుర్తించింది సుమారు మూడింట ఒక వంతు మందినే. ఇంతగా కళ్లబడని జబ్బును ఆస్పత్రి ఎలా అర్థం చేసుకుంటూ వచ్చిందో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. దీని గురించి నేర్చుకున్న గట్టి పాఠాలు చాలావరకు కొత్త మందు ఇచ్చి చూసినందువల్ల వచ్చినవి కావు, అప్పటికే ఇస్తున్నదాన్ని, చేస్తున్నదాన్ని ఆపి చూసినందువల్ల వచ్చినవి. ఈ వ్యాసం వాదన అదే.

మొదటి సాక్ష్యం రెండు వందల ఏళ్ల నాటిది. జ్వరంతో మతి తప్పితే మెదడు వాచిందని భావించి నెత్తురు తీయడం అప్పటి యూరప్ వైద్యంలో మామూలు పద్ధతి. 1813లో థామస్ సట్టన్ అనే ఆంగ్ల వైద్యుడు, విపరీతంగా తాగేవారికి వచ్చే వణుకుతో కూడిన సంధి వేరే జబ్బని వాదించి, దానికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు పెట్టాడు. ఈ రోగులకు నెత్తురు తీస్తే కీడే జరుగుతోందని, నల్లమందు ఇస్తే మేలని ఆయన చెప్పాడు. ఒక హానికర చికిత్సను ఆపడం దాకా బాగానే ఉంది. కానీ దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. భారీ మోతాదుల నల్లమందు ఆనవాయితీ అయింది. 1831లో బోస్టన్ వైద్యుడు జాన్ వేర్ ఆ ఆనవాయితీనీ ప్రశ్నించాడు. ఈ సంధి దానంతటదే మూడు రోజుల్లో ఒక నిద్రతో ముగుస్తుందని, బలవంతంగా నిద్రపుచ్చినవారికన్నా కనిపెట్టుకుని ఉండి వదిలేసినవారే ఎక్కువగా బతుకుతున్నారని తన రోగుల అనుభవం నుంచి రాశాడు. లెక్కల పద్ధతిలో నేటి కొలతలకు అది నిలవకపోవచ్చు. కానీ చేస్తున్న వైద్యమే జబ్బులో భాగమేమోనని అనుమానించే ధైర్యం అందులో ఉంది.

గది సంగతి కూడా పాతదే. మతి తప్పిన జ్వర రోగిని చీకట్లో ఉంచాలా, వెలుతురులో ఉంచాలా అన్న తగువును క్రీ.శ. ఒకటో శతాబ్దిలోనే రోమన్ రచయిత సెల్సస్ ప్రస్తావించాడు. చీకటి శాంతినిస్తుందని పూర్వులన్నారు. చీకటే భయపెడుతుందని వైద్యుడు అస్క్లెపియడిస్ అన్నాడు. ఏ నియమమూ అందరికీ పనికిరాదు, రెండూ ప్రయత్నించి రోగికి ఏది నప్పితే అది చేయాలని సెల్సస్ తీర్పు చెప్పాడు. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో ఇంకా ముందుకు వెళ్లి, అనవసరమైన చప్పుడు, మధ్యలో చెడగొట్టిన నిద్ర, బయటికి చూసే కిటికీ లేకపోవడం జ్వర రోగిని ఎంత బాధిస్తాయో విడివిడిగా రాసింది. అంటే ఆధునిక ఆస్పత్రి పుట్టేనాటికే వెలుతురు, నిశ్శబ్దం, నిద్ర, మనిషి తోడు అనే నాలుగింటి విలువ కాగితం మీద ఉంది. ఆ తర్వాతి వందేళ్లలో ప్రాణాలు నిలబెట్టే ఉత్సాహంలో ఆ నాలుగూ ఒకటొకటిగా జారిపోయాయి.

అవి జారిపోయిన చోటు ఐసీయూ. విచిత్రమేమిటంటే ఐసీయూ పుట్టినప్పుడు అలా లేదు. 1952 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, బ్లెగ్డామ్ ఆస్పత్రిలో ఊపిరాడని 12 ఏళ్ల బాలికకు మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ మెడ దగ్గర పెట్టిన గొట్టం ద్వారా రబ్బరు సంచి నొక్కి గాలి పంపాడు. ఆమె పెనుగులాడుతుంటే మొదట ఒకసారి మత్తు ఇవ్వాల్సి వచ్చింది. ఆ పద్ధతి పనిచేసింది. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని నెలల తరబడి చేత్తో సంచులు నొక్కారు. ఆ రోగుల్లో చాలామంది మెలకువగా ఉన్నారు. ఊపిరి పోస్తున్న విద్యార్థి తలాపునే ఉన్నాడు. మరుసటి ఏడాది ఇబ్సెన్ అదే నగరంలో ప్రత్యేక వార్డు తెరిచాడు. అమెరికాలో డెన్వర్‌లో శ్వాసకోశ నిపుణుడు థామస్ పెట్టీ 1998లో వెనక్కి తిరిగి చూసి రాసింది ఇక్కడ ముఖ్యమైన సాక్ష్యం. 1964లో తమ యూనిట్ మొదలైనప్పుడు వెంటిలేటర్ మీది రోగులు మెలకువగా ఉండేవారు, తరచు కుర్చీలో కూర్చునేవారు. మూడు దశాబ్దాల తర్వాత తాను చూస్తున్నది కదలిక లేకుండా, మానిటర్ చెబితే తప్ప బతికున్నట్టు తెలియకుండా పడి ఉన్న మనుషుల్ని. రోగిని పూర్తిగా నిద్రపుచ్చి ఉంచడం ఐసీయూ పుట్టుకతో వచ్చిన అవసరం కాదు. మధ్యలో వచ్చి చేరిన అలవాటు.

ఆ అలవాటు ఎలా స్థిరపడిందో 1960ల నుంచి చూడొచ్చు. గుండె తెరిచి చేసే ఆపరేషన్లు మొదలైన తొలి ఏళ్లలో శరీరం కోలుకుంటున్న రోగులకు మూడో రోజో నాలుగో రోజో మతి తప్పడం సర్జన్లను కలవరపెట్టింది. 1965లో న్యూయార్క్‌లో డోనాల్డ్ కోర్న్‌ఫెల్డ్ బృందం, ఇలాంటి పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా డెలీరియం చూసి, నిద్ర లేకపోవడాన్నీ, ఒకే తీరుగా మోగే యంత్రాల మధ్య కట్టిపడేసినట్టు ఉంచడాన్నీ అనుమానించింది. 1972లో ఎల్.ఎం. విల్సన్ రెండు ఆస్పత్రుల్లో ఆపరేషన్ అయిన 50 మంది చొప్పున రోగులను పోల్చాడు. కిటికీలు లేని ఐసీయూలో 40 శాతం మందికి డెలీరియం వచ్చింది, కిటికీలున్నచోట 18 శాతానికి. ఆ రెండు ఆస్పత్రుల మధ్య కిటికీలొక్కటే తేడా అని చెప్పలేం కాబట్టి ఆ అంకెను మరీ బిగించి పట్టుకోకూడదు. కానీ అది అడిగిన ప్రశ్న సరైనది. వైద్యలోకం దానికి జవాబు వెతకడానికి బదులు ‘ఐసీయూ సైకోసిస్’ అని పేరు పెట్టి సర్దుకుంది. పేరు పెట్టాక అది ఊహించిన పరిణామమైంది, బతికి బయటపడటానికి కట్టాల్సిన సుంకమైంది. వెంటిలేటర్ పోసే గాలికీ రోగి తీసే ఊపిరికీ లయ కుదరని ఆ రోజుల్లో, 1980లలో మిడజోలామ్, ప్రొపోఫాల్ వంటి తేలికగా ఎక్కించే మత్తు మందులు చేతికి రావడంతో, సైకోసిస్ కనిపిస్తే నిద్రపుచ్చడం, చేతులు కట్టడం మామూలైపోయాయి.

ఈ అలవాటుకు గట్టి దెబ్బ తగిలింది 2000లో. చికాగోలో జాన్ క్రెస్, జెస్సీ హాల్ బృందం 128 మంది వెంటిలేటర్ రోగులను రెండుగా విడదీసింది. సగం మందికి రోజుకొకసారి మత్తు మందు ఆపేసి వారు మెలకువ వచ్చేదాకా చూసింది. ఆపినవారు వెంటిలేటర్ మీద ఉన్నది మధ్యగత (మీడియన్) లెక్కన 4.9 రోజులు, ఆపనివారు 7.3 రోజులు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. అదే సమయంలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో వెస్ ఈలీ బృందం, గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేని రోగిలో కూడా డెలీరియాన్ని కనిపెట్టే పరీక్షను 2001లో తెచ్చింది. నర్సు అక్షరాలు చదువుతుంటే ఒక అక్షరం వినబడినప్పుడల్లా రోగి చెయ్యి నొక్కాలి. ధ్యాస నిలిచిందో లేదో దానితో తేలిపోతుంది. కొలవడం మొదలుపెట్టాక తెలిసిన నిజాలు చిన్నవి కావు. 2004లో అదే బృందం 224 మంది వెంటిలేటర్ రోగులను గమనిస్తే, డెలీరియం వచ్చినవారిలో ఆరు నెలల్లో చనిపోయినవారు 34 శాతం, రానివారిలో 15 శాతం. 2006లో లోరాజెపామ్ అనే బెంజోడయజెపిన్ రకపు మత్తు మందు మోతాదు పెరిగేకొద్దీ మర్నాటికి డెలీరియంలోకి జారే ముప్పు పెరుగుతోందని తేలింది. 2013లో 821 మందిని అనుసరించిన అధ్యయనంలో 74 శాతం మందికి ఆస్పత్రిలో డెలీరియం వచ్చింది. మూడు నెలల తర్వాత ప్రతి నలుగురిలో ఒకరి తెలివి స్థాయి స్వల్ప అల్జీమర్స్ ఉన్నవారితో సమానంగా పడిపోయింది. శాంతపరచడానికి ఇస్తున్న మందే చాలామందిలో మతిని చెదరగొడుతోందన్నమాట.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. డెలీరియానికి కారణం గదీ మందులూ కాదు, జబ్బు అని. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 1959లో జార్జ్ ఎంగెల్, జాన్ రొమానో మెదడు విద్యుత్ తరంగాలను కొలిచి, డెలీరియంలో అవి నెమ్మదిస్తాయని, ఇది మనసు చేసే మాయ కాదు, గుండె వైఫల్యం, కిడ్నీ వైఫల్యం లాగే మెదడు వైఫల్యమని వాదించారు. రక్తంలో చీము వ్యాపించినా, సోడియం పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా కిటికీ పక్కన పడుకున్నవాడికీ మతి తప్పుతుంది. వాగ్భటుడి రోగికి ఐసీయూ లేదు కదా. అయితే ఎంగెల్, రొమానో చెప్పింది నా వాదనను కూల్చదు, దానికి పునాది వేస్తుంది. మెదడు అంచు మీద ఉంది కాబట్టే పైనుంచి పడే ప్రతి చిన్న బరువూ లెక్కలోకి వస్తుంది. 1996లో పరిశోధకురాలు షారన్ ఇనోయె ఆస్పత్రిలో చేరిన వృద్ధుల్లో డెలీరియాన్ని తెచ్చిపెట్టే కారణాలను వెతికితే తేలినవి ఐదు: కాళ్లూ చేతులూ కట్టడం, పోషణ లోపం, మూడుకు మించి కొత్త మందులు చేర్చడం, మూత్రానికి గొట్టం వేయడం, చికిత్స వల్ల కలిగిన ఏదైనా హాని. ఐదింట నాలుగు ఆస్పత్రి చేసే పనులు. వయసునూ జబ్బునూ మనం మార్చలేం. ఈ నాలుగింటిని ఎప్పటికప్పుడు ప్రశ్నించగలం.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. ఆపడమే వైద్యమైతే తాగుడు మానేసినప్పటి సంధికి ఏం చేస్తారు? నిజమే. 1969లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 537 మంది మీద జరిగిన అధ్యయనం ఆ స్థితిలో క్లోర్‌డయజెపాక్సైడ్ అనే బెంజోడయజెపిన్ మూర్ఛలనూ సంధినీ తగ్గిస్తుందని చూపింది. జాన్ వేర్ చెప్పినట్టు వదిలేస్తే నేడు అది నిర్లక్ష్యం కిందికి వస్తుంది. కానీ ఈ మినహాయింపు ఎందుకు నిలిచిందో గమనించాలి. అక్కడ కారణం తెలుసు, అలవాటైన పదార్థం హఠాత్తుగా ఆగిపోవడం. మందు ఆ ఖాళీని పూరిస్తుంది. కారణం వెతక్కుండా, గోల చేస్తున్నాడు కాబట్టి ఇచ్చే మందుల చరిత్ర వేరు. దశాబ్దాలుగా డెలీరియానికి తిరుగులేని మందుగా చలామణి అయిన హాలోపెరిడాల్‌ను 2018లో 566 మంది మీద, జిప్రాసిడోన్ అనే మరో మందుతోనూ ఉత్తుత్తి మందుతోనూ పోల్చి పరీక్షించారు. డెలీరియం ఒక్క రోజు కూడా తగ్గలేదు. 2010లో నెదర్లాండ్స్‌లో రివాస్టిగ్మిన్ అనే మందును పరీక్షిస్తే, మందు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. విపరీతంగా భయపడి తనకు తాను హాని చేసుకునేవాడికి కాసేపు మందు అవసరం పడొచ్చు. దాన్ని జబ్బుకు చికిత్స అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

మూడో అభ్యంతరం లెక్కల వైపు నుంచి వస్తుంది. ఆపడం కూడా మహిమేమీ కాదు. డెన్మార్క్‌లో ఓడెన్స్‌లో 2010లో 140 మంది మీద జరిగిన పరీక్షలో మత్తే ఇవ్వనివారు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారు గానీ, గోల చేసే డెలీరియం వారిలో 20 శాతం, మత్తు ఇచ్చినవారిలో 7 శాతం. పది సంవత్సరాల తర్వాత 700 మందితో జరిగిన పెద్ద పరీక్షలో తేలికపాటి మత్తుకూ మత్తు లేకపోవడానికీ 90 రోజుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019లో బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో బంధువులను రోజుకు 12 గంటల దాకా అనుమతించి చూస్తే డెలీరియం 18.9 శాతం, పాత పద్ధతిలో 20.1 శాతం. అంటే తేడా లేనట్టే. ఇవి నిజాయతీగా ఒప్పుకోవాల్సిన ఫలితాలు. వీటిలో మొదటిదానికి పాక్షికంగా జవాబుంది. నిద్రపుచ్చినవాడు గోల చేయలేడు, కాబట్టి అతని డెలీరియం లెక్కలోకి రాదు. రెండోదానిలో పోటీ గాఢ మత్తుతో కాదు, రోజూ లేపి చూసే తేలిక మత్తుతో. అంటే 2000 నాటి పాఠం అప్పటికే రెండు పక్షాలూ నేర్చుకున్నాయి. మూడోది మాత్రం హెచ్చరికే. తలుపు తెరిచినంత మాత్రాన చాలదు, లోపలికొచ్చిన మనిషి చేత ఏం చేయిస్తున్నామన్నది ముఖ్యం. బ్రెజిల్‌లో కూడా బంధువుల ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. అది చిన్న లాభమేమీ కాదు.

ఏం చేయించాలన్నదానికి జవాబు అప్పటికే ఉంది. యేల్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో ఇనోయె బృందం 1999లో ప్రచురించిన ఫలితాల్లో 70 ఏళ్లు దాటిన 852 మంది ఉన్నారు. సగం మందికి శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు తేదీ, వారం, చోటు గుర్తుచేశారు, రోజూ నడిపించారు, కళ్లజోడూ వినికిడి యంత్రమూ పెట్టించారు, నీళ్లు తాగించారు. రాత్రి నిద్రమాత్ర బదులు వేడి పాలు ఇచ్చి వీపు మర్దనా చేశారు. వారిలో డెలీరియం 9.9 శాతం, మిగతావారిలో 15 శాతం. ఒకసారి వచ్చాక మాత్రం ఈ పనులు దాని తీవ్రతను పెద్దగా తగ్గించలేదు. అంటే ఇదంతా రాకముందు చేయాల్సిన పని. ఇంత తెలిసీ కోవిడ్ రాగానే ఆస్పత్రులు పాత దారికే మళ్లాయి. 14 దేశాల్లో 69 ఐసీయూల్లో 2088 మంది కోవిడ్ రోగుల వివరాలు 2021లో వెలువడితే, 64 శాతం మందికి బెంజోడయజెపిన్ మత్తు మందులు ఎక్కించారని, సగానికి పైగా డెలీరియంలో పడ్డారని తేలింది. వీడియో కాల్‌లోనైనా సరే, అయినవాళ్ల ముఖం చూసినవారిలో ముప్పు తక్కువగా ఉంది. నర్సుల కొరత, భయం, రక్షణ దుస్తులు ఇలా పాత దారికి మళ్లడానికి కారణాలే. కానీ తొందరలో దేన్ని ముందుగా వదిలేస్తామో అదే మనం నిజంగా నమ్మనిదని కోవిడ్ చూపించింది.

మన ఆస్పత్రుల్లో ఈ పాఠాన్ని అమలు చేయడానికి సిబ్బంది లేరన్న మాట తరచూ వినిపిస్తుంది. పడకలకు తగినంతమంది నర్సులు లేరన్నది వాస్తవం. కానీ ఆంధ్ర, తెలంగాణ ఆస్పత్రుల్లో దాదాపు ప్రతి మంచానికీ అటెండెంట్‌గా ఒక బంధువు ఉంటాడు. జనరల్ వార్డులో మంచం కిందే చాప వేసుకుంటాడు, ఐసీయూ అయితే బయట మెట్ల మీద కూర్చుని మందుల చీటీ కోసం ఎదురుచూస్తాడు. అమెరికాలో స్వచ్ఛంద కార్యకర్తల్ని వెతికి, నేర్పించి చేయించిన పని చేయగల మనిషి ఇక్కడ గుమ్మం బయటే ఉన్నాడు. అతన్ని లోపలికి పిలిచి ఏం చేయాలో చెప్పడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, చేతులు కడిగించే క్రమశిక్షణా, కొన్ని నిమిషాల ఓపికా కావాలి. ఇంట్లో పెద్దవారు ఆస్పత్రిలో చేరితే కుటుంబం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడుపళ్లు ఇంట్లో వదిలేయకండి. రోజూ తాగే అలవాటు, రాత్రి వేసుకునే నిద్రమాత్ర దాచకుండా డాక్టరుకు చెప్పండి. మనిషి నిన్నటిలా లేడనిపిస్తే, గోల చేయకపోయినా సరే, ‘వయసు కదా’ అని సరిపెట్టుకోకుండా ఆ మాట వెంటనే చెప్పండి. నిన్నటి మనిషిని ఎరిగింది మీరే. మందులేవీ మీ అంతట మీరు ఆపకండి. కానీ ప్రతి ఉదయం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును ఒక ప్రశ్న అడగండి: ఈ మందుల్లో, ఈ గొట్టాల్లో, ఈ కట్లలో ఈరోజు ఏది తీసేయొచ్చు?